వంకాయ కారును, బేరింగుల బండియు

తీరిక వేళలయందు మనుష్యుడు తన యిష్టము కొలది చేయు పనికి వ్యాసంగ మని పేరు. జీతము కొఱకు చేయు పనిలో ఒరుల యాజ్ఞ యుండును. వ్యాసంగమున తన మనస్సే తనకు యజమాని. ఒకడు తపాలా బిళ్ళలు కూర్చును. ఒకడు మొక్కలు పెంచును. వేఱొకడు పాత గడియారములను విప్పి మరల బిగించును. ఇట్టి పనులను పెద్దలు పలువురు వృథా కాలక్షేప మని త్రోసివేయుదురు. ఇరువది యేండ్లుగా గణితము బోధించుచున్న నేనును అట్లే తలచినవాడనే. ఆ తలంపు ఎట్లు మాఱినదో చెప్పుటకును, దానికి హేతువైన కొన్ని వింత బండ్ల మర్మమును విద్యార్థులకు తెలుపుటకును ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట నా తప్పు చెప్పుకొందును. తొమ్మిదవ తరగతి బాలు డొకడు ఒకనాడు పాఠశాలకు బేరింగుల బండి తెచ్చెను. పాతబస్తీ గల్లీలలో పెరిగినవారికి ఆ బండి క్రొత్త గాదు. ఒక చెక్కపలక, దాని క్రింద రెండు అడ్డుకొయ్యలు, మెకానికు షెడ్డులలో పాఱవేసిన నాలుగు బాలుబేరింగులు. ఇంతియే దాని సంపద. వెనుకనుండి యొకడు త్రోయును. పలకమీద కూర్చున్నవాడు ముందుకొయ్యను కాళ్ళతో అటునిటు త్రిప్పుచు పోవును. సిమెంటు నేలపై దాని రొద వీథి చివఱదాక వినబడును. ఆ రొదకు నా పాఠము చెడినది. నేను కోపముతో బండిని లాగికొని, సామానుల గదిలో పెట్టించి తాళము వేయించితిని. మఱునాడు బాలుని తండ్రిని పిలిపించితిని.

ఆయన ఆటోలు బాగుచేయు మెకానికు. నూనె మరకల చొక్కాతోనే పరుగున వచ్చెను. నేను జరిగినది చెప్పగా తల వంచుకొని వినెను. పిదప, "మాస్టరుగారూ, ఆ బండిని మరల వానికి ఈయకండి. నా చేతుల కంటిన నలుపు వాని చేతుల కంటరాదనియే వానిని ఈ బడిలో వేసినాను" అనెను. ఆ మాటకు నేను బదులు చెప్పలేకపోతిని. బండి గదిలోనే యుండిపోయెను. బాలుడు నా తరగతిలో కూర్చుండెనే గాని, వాని చూపు నల్లబల్లపై నిలువదయ్యెను.

కొన్ని వారములకు మా తరగతి బాలురను బహదూర్‌పురాకు విహారయాత్రకై తీసికొని పోతిమి. బహదూర్‌పురా పాతబస్తీలోని పేట. 1963లో తెఱవబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాల యచ్చటనే కలదు. దాని చెంత మీర్ ఆలం చెఱువున్నది. పందొమ్మిదవ శతాబ్దారంభమున కట్టిన దాని యానకట్ట తిన్నని గోడ కాదు. అర్ధవృత్తాకారముగా వంగిన 21 కమానులు ప్రక్కప్రక్కన చేరి నీటి యొత్తిడిని మోయుచున్నవి. జంతువులను చూపి, ఆనకట్టను గూర్చి నాలుగు మాటలు చెప్పి, చేరువనే యున్న సుధా కార్ల మ్యూజియమునకు బాలురను నడిపించితిని. నిజము చెప్పవలె నన్న, అది పిల్లలు నవ్వుకొను చోటని మాత్రమే అప్పటికి నే నెఱుగుదును.

ఈ మ్యూజియమును నెలకొల్పినవారు కన్యాబోయిన సుధాకర్ గారు. ఆయన హైదరాబాదు వాస్తవ్యులు. బడిలో చదువుకొను దినములలోనే పాత సామానులతో సైకిళ్ళు కూర్చుట వ్యాసంగముగా ఆరంభించిరి. సైకిళ్ళనుండి మోటారుసైకిళ్ళకును, వానినుండి కార్లకును ఆ పని పెరిగినది. తుక్కునుండి ఏరి తెచ్చిన భాగములతో అనేక సంవత్సరములు తమ చేత చేసిన బండ్లను ఒక్కచోట చేర్చి, 2010లో ప్రజలు చూచుటకై మ్యూజియముగా తెఱచిరి.

ఆ బండ్ల రూపములు మిక్కిలి వింతగా నుండును. ఒక కారు వంకాయ. ఒకటి క్రికెట్టు బంతి. ఒకటి ఫుట్‌బాలు. కెమెరా, కంప్యూటరు, బర్గరు, స్నూకరు బల్ల, ఎత్తుమడమ చెప్పు, చేతిసంచి, కలము, పెన్సిలు, పెన్సిలు చెక్కు షార్పెనరు – ఇట్లు మన యింటను బడిలోను కనబడు వస్తువు లనేకము లచ్చట కార్ల రూపము ధరించి యున్నవి. ఇవి బొమ్మలు గావు. ఇంజను కలిగి, మనుష్యుని మోసికొని నడచు బండ్లు.

ఇదే పాతబస్తీలో, చార్మినారునకు చేరువగా నున్న చౌమహల్లా ప్యాలెసులో, పసుపువన్నె గల రోల్స్‌రాయిస్ కారొకటి కలదు. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను దానిని ఇంగ్లండునుండి తెప్పింపగోరి, అది చేరకముందే 1911లో మరణించెను. 1912 నాటి ఆ కారు రాజాజ్ఞ వలన వచ్చినది. బహదూర్‌పురా కార్లు తుక్కుకుప్పలనుండి వచ్చినవి. రెండును చూడదగినవే. కాని మొదటిదానిని చూచిన బాలుడు "ఇట్టిది నాకు దొరకునా?" యని నిట్టూర్చును. రెండవదానిని చూచిన బాలుడు "ఇట్టిది నేను చేయగలనా?" యని యోచించును. ఈ రెండు ప్రశ్నలకు నడుమ నున్న దూర మెంతయో ఉపాధ్యాయులు గమనింపవలయును.

బాలురందఱు వంకాయను చూచి పకపక నవ్వుచుండగా, మన బేరింగుల బండివాడు మాత్రము నవ్వలేదు. వాడు నేలకు వంగి, తల ప్రక్కకు వాల్చి, బండి యడుగుభాగమును చూచుచుండెను. నేను దగ్గఱకు పోయి, ఏమి చూచుచున్నావని యడిగితిని. "సార్, నా బండికి నాలుగు బేరింగులు దేనికది తిరుగును. అందుకు మలుపులో ఇబ్బంది లేదు. ఇంజను బండికి వెనుక చక్రములు రెండింటిని ఒక్క ఇరుసునకు బిగించి త్రిప్పినచో, మలుపులో ఒక చక్రము జాఱదా సార్?" అని వాడు నన్ను తిరిగి యడిగెను. నాకు తెలియలేదు. రేపు చెప్పెదనని తప్పించుకొంటిని.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు, ఏ కారునకైనను లోపల నేమేమి కావలయునో విద్యార్థులు తెలిసికొనుట మంచిది. పై రూపము వంకాయ యైనను, రాజుగారి పల్లకి యైనను, లోపల అయిదు వస్తువు లుండి తీఱవలయును. మొదటిది చట్రము: ఇనుప గొట్టములను కోసి వెల్డింగుతో అతికిన పందిరివంటిది, ఇతర భాగములన్నియు దీనికే బిగింపబడును. రెండవది ఇంజను: పెట్రోలు ఆవిరి లోపల మండి పిస్టనును త్రోయగా, ఆ త్రోపు తిరుగుడుగా మాఱును. మూడవది ఆ తిరుగుడును చక్రములకు చేర్చు మార్గము: క్లచ్, గేర్లు, చైను లేక ఇరుసు. నాలుగవది స్టీరింగు. అయిదవది బ్రేకు. ఈ యయిదును సరిగా కుదిరిన పిదపనే పైన రేకు కప్పుట. ఇల్లు కట్టక రంగు వేయబూనిన వానిని చూచి మనము నవ్వుదుము గదా! బండి విషయమును అట్టిదే.

అయినను వింతరూపము గల బండి చేయువానికి సామాన్య నిర్మాతకు లేని చిక్కులు కలుగును. బంతి గుండ్రముగా నుండును. దాని క్రిందిభాగము నేలకు ఒక్కచోట మాత్రమే తగులును. అట్టి రూపములో చక్రములను ఎడముగా అమర్చి, అవి వెలికి వికారముగా కనబడకుండ చేయుట యెట్లు? వంకాయలోపల కూర్చున్నవానికి ఎదుటి దారి ఎట్లు కనబడును? నలువైపుల మూసిన పెట్టెలో ఇంజను వేడెక్కును. దానికి గాలి యెక్కడనుండి రావలయును? పొగ యెక్కడికి పోవలయును? బరువంతయు ఒక వైపున పడినచో బండి ఒరగును; ఇంజనును ఎక్కడ నుంచి, మనిషిని ఎక్కడ కూర్చుండబెట్టవలయును? వీనిలో నొక్కదానికిని ముందుగా వ్రాసిన జవాబు పుస్తకములో దొరకదు. ఒక తూరి కోసి, అతికి, నడిపి, చెడిన చోట విప్పి, మరల కోయవలయును. చూచి నవ్వువారికి ఒక్క నిమిషము. చేయువానికి నెలల పని.

ఇక బాలుని ప్రశ్న. ఆ సాయంకాలము నేను పుస్తకములు త్రిప్పితిని. పటములు కనబడినవి గాని మనస్సున కెక్కలేదు. తుదకు సిగ్గు విడిచి, ఆ బాలుని తండ్రి షెడ్డునకే పోతిని. ఆయన నన్ను చూచి, కొడుకు మరల నేమైన తప్పు చేసెనేమో యని భయపడెను. "కాదయ్యా, నాకే పాఠము కావలసి వచ్చితిని" అంటిని. ఆయన నమ్మలేదు. నేను ప్రశ్న చెప్పినంతనే మొగము వికసించెను. విప్పియుంచిన ఆటో భాగమొకటి గుడ్డతో తుడిచి నా యెదుట పెట్టి, "దీనిని డిఫరెన్షియలు అందురు మాస్టరుగారూ. ఈ చక్రము పట్టుకొని త్రిప్పుడు" అనెను.

ఒక చక్రమును నేను ముందుకు త్రిప్పగా, రెండవ చక్రము వెనుకకు తిరిగెను. ఆయన నడిమి పెద్ద పండ్లచక్రమును త్రిప్పగా, రెండును కలిసి ముందుకు తిరిగెను. ఒక వైపు నేను చేయి అడ్డము పెట్టగా, ఆ వైపు నిలిచిపోయి, రెండవ వైపు రెట్టింపు వేగముతో తిరిగెను. ఇరుసును నడుమ రెండుగా ఖండించి, ఆ రెండు తుదలను చిన్న పండ్లచక్రములతో కలుపుటయే దీని మర్మము. ఇంజను బలము ఇద్దఱకును అందును; కాని ఎవరికి కావలసినంత దూరము వారు నడువవచ్చును. దీనిని ఫ్రాన్సు దేశపు గడియారముల పనివా డొకడు పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధముననే, మోటారు కారు పుట్టకముందే, కల్పించెను.

ఇది అవసరమగుటకు కారణము మన డ్రిల్లు తరగతిలోనే కలదు. బాలురు వరుసగా చేయి చేయి కలిపి నడచుచు ప్రక్కకు మరలునప్పుడు, లోపలి కొననున్న బాలుడు ఉన్నచోటనే కాళ్ళు కదపును. వెలుపలి కొననున్న బాలుడు పెద్ద అంగలతో పరుగెత్తవలయును. లేనిచో వరుస తెగును. బండి చక్రములకును ఇంతే. రెండు వెనుక చక్రముల నడుమ మూడడుగుల యెడమున్న దనుకొనుడు. బండి పూర్తిగా వెనుకకు మరలినచో, వెలుపలి చక్రము లోపలి చక్రముకన్న 3 × 22/7, అనగా తొమ్మిదడుగులకు మించి అధికముగా నడువవలసి యుండును. చిన్న మలుపైనను పెద్ద మలుపైనను ఈ తేడా మాఱదు. వృత్తపరిధి సూత్రము తెలిసిన తొమ్మిదవ తరగతి బాలుడు దీనిని కాగితముపై రుజువు చేయవచ్చును. మఱునాడు నా తరగతిలో చేసితిమి.

పూర్వపు ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. ఇరుసు కదలక నిలిచియుండగా దానిపై చక్రములు దేనికది తిరుగును. సైకిలురిక్షాలలో సామాన్యముగా వెనుక చక్రములలో నొకదానికే పెడలు బలము చేరును. రెండవది స్వేచ్ఛగా తిరుగును. బేరింగుల బండియు ఎద్దుబండి జాతిదే. ఆ బాలుడు ఈ సూత్రమును చేతితో నెఱిగి, మాటలలో చెప్పుటకు తడబడుచుండెను. మాటలు నేర్పవలసిన నేను వాని బండిని తాళములో పెట్టితిని.

కార్లను వ్యాసంగముగా నిర్మించుట మన యొక్క యూరికే ప్రత్యేకము గాదు. అమెరికాలో పలు చిన్న పట్టణములయందు కోడిగ్రుడ్డు ఆకారము గల మట్టిబాటలపై కార్ల పందెములు జరుగును. పగలెల్ల వేఱు వృత్తులు చేసికొనువారు, రాత్రులయందు ఇంటి షెడ్డులలో పాతకార్లను విప్పి, అక్కఱలేని భాగములను తీసివేసి, పందెపు కార్లుగా మాఱ్చుకొందురు. మన బాలుని ప్రశ్నకు వారిచ్చు జవాబు మిక్కిలి వింతయైనది. ఆ బాటపై కార్లు ఎల్లప్పుడు ఎడమవైపునకే మరలును. మఱియు వదులుగా నున్న మట్టిపై చక్రములు జాఱుచునే యుండును. డిఫరెన్షియ లున్నచో బలమంతయు జాఱు చక్రమునకే పోయి వృథా యగును. కాబట్టి వారు పలువురు వెనుక చక్రములు రెండును కలిసి తిరుగునట్లు బిగించి, కుడివైపు చక్రమును ఎడమదానికన్న కొంచెము పెద్దదిగా నుంచుదురు. అప్పుడు బండి తనంతట తానే ఎడమకు మరలజూచును.

దీనిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. పైన వెడల్పు, క్రింద సన్నముగా నున్న స్టీలు గ్లాసును నేలపై పడుకొనబెట్టి దొర్లింపుడు. అది తిన్నగా పోక, గుండ్రముగా తిరుగును. వెడల్పు కొన వెలుపలను, సన్నపు కొన లోపలను ఉండును. మట్టిబాట కారు రహస్యమంతయు ఆ గ్లాసులో నున్నది.

మన దక్షిణదేశమునను ఇట్టి యుత్సాహము లేకపోలేదు. మద్రాసు చేరువ షోలవరములో, రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానముల బాటపై కొన్ని దశాబ్దములు కార్ల పందెములు జరిగినవి. తమ చేత కూర్చుకొన్న కార్లతో అందు పాల్గొన్నవారును కలరు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేను సాగరు తీరమున విద్యుత్తుతో నడచు కార్ల ప్రపంచ పందెము జరిగినది. అది గొప్ప సంస్థల పని. ఒక్కొక్క కారు వెనుక పెక్కుమంది ఇంజనీర్లుందురు. బహదూర్‌పురా నిర్మాత వేగమునకై పందెము వేయలేదు. ఏ వస్తువును బండి చేయుట సాధ్యము కాదని లోకులు తలతురో, దానినే నడపించి చూపుట ఆయన పందెము.

అందులకు గొప్ప నిదర్శనము ఆయన చేసిన మూడుచక్రముల సైకిలు. 2005 జూలై 1వ తేదీన హైదరాబాదులో ఆయన దానిని స్వయముగా త్రొక్కి నడపిరి. ప్రపంచములో నెల్ల పెద్ద మూడుచక్రముల సైకిలుగా అది గిన్నిసు గ్రంథమున కెక్కినది. దాని యెత్తు 41 అడుగుల 7 అంగుళములు; ఇంచుమించు నాలుగంతస్తుల మేడ యంత. పొడవు 37 అడుగుల 4 అంగుళములు. ముందుచక్రపు వ్యాసము 17 అడుగులు.

ఈ అంకెలను బాలురు ఊరక చదివి విడువరాదు. 17 అడుగుల వ్యాసము గల చక్రపు చుట్టుకొలత 53 అడుగులకు మించును. సామాన్యమైన 28 అంగుళముల సైకిలు చక్రము ఒక్క చుట్టునకు 7 అడుగుల 4 అంగుళములు నడచును. అనగా ఆ మహాచక్రము ఒక్కసారి తిరిగిన దూరమును చేరుటకు మన సైకిలు చక్రము ఏడుసార్లకు పైగా తిరుగవలయును. అది లాభమని తొందరపడి తలపకుడు. చక్రము పెద్దదైన కొలది దానిని కదలించుట కష్టము. త్రొక్కువాని కాలిబలము చాలవలె నన్న, పెడలు అనేకసార్లు తిరుగగా చక్రము కొంచెము తిరుగునట్లు గేర్లను అమర్చవలయును. బలము మిగిల్చిన చోట దూరము పోవును. దూరము మిగిల్చిన చోట బలము పోవును. యంత్రశాస్త్రమున ఈ లెక్కకు మినహాయింపు లేదు.

మఱియొక సంగతి. సామాన్యముగా సైకిలు ఎత్తుకన్న పొడవు అధికముగా నుండును. దీనికి పొడవుకన్న ఎత్తే నాలుగడుగుల 3 అంగుళములు అధికము. ఎత్తైన వస్తువునకు ఒరిగి పడు భయము మెండు. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలపైనను కదలక నిలుచునట్లు, మూడు చక్రములు నేలను పట్టుకొని యుండుట చేతనే అది నిలువగలిగెను. 1886లో కార్లు బెంజి జర్మనీలో పేటెంటు పొందిన మొదటి మోటారు కారునకును చక్రములు మూడే. ముందు రెండు చక్రములను కలిపి సరిగా మరల్చు ఉపాయము అప్పటి కాయనకు కుదరకపోవుటయే దానికి ముఖ్యకారణము. మలుపుల చిక్కు మన బాలునికే గాదు, అంతటి పెద్దలకును కలిగిన దని తెలియుచున్నది.

వ్యాసంగము తనకు వినోదమిచ్చుటతో ఆగనక్కఱలేదు. 2020 ఏప్రిలులో కరోనా వ్యాధి వలన దేశమంతయు ఇండ్లలో తలుపులు మూసికొని యున్నప్పుడు, సుధాకర్ గారు ఆ వైరసు రూపముననే ఒక కారు చేసిరి. ఆఱు చక్రములు, ఒక్కరికే కూర్చుండుటకు చోటు, 100 సీసీల ఇంజను, ఫైబరుతో చేసిన గుండ్రని పైకప్పు, దానిపై వైరసు ముండ్లు. పది దినములలో దానిని ముగించిరి. గంటకు 40 కిలోమీటర్ల వఱకు పోగలదు. ఇల్లు విడిచి రావలదని ప్రజలను హెచ్చరించుటకు దానిని ఉపయోగించిరి. చదువురాని వృద్ధులకును ఆ రూపము కనబడినంతనే విషయము బోధపడును. అనేక సంవత్సరములు నవ్వించుటకు వినియోగించిన నేర్పు, అవసరము వచ్చినప్పుడు పది దినములలో హెచ్చరికగా మాఱినది. ఆ నేర్పు ఆ పది దినములలో పుట్టినది కాదు. బడిపిల్లవాడుగా సైకిలు విప్పిననాటినుండి కూడుచు వచ్చినది.

ఉపాధ్యాయశిక్షణ కళాశాలలో మాకు "చేసి నేర్చుకొనుట" యను పాఠము చెప్పిరి. 1937లో వార్ధాలో మహాత్మాగాంధీ గారు ప్రతిపాదించిన చేతిపనితో గూడిన విద్యను గూర్చి పరీక్షలో నేను చక్కగా వ్రాసి మంచి మార్కులే తెచ్చుకొంటిని. పిదప ఒక బాలుడు చేసి నేర్చుకొనిన వస్తువును తలుపు దాటి తెచ్చినప్పుడు, దానిని గుర్తింపక తాళము వేయించితిని. పుస్తకములో చదివినది ఎదుట నిలిచినప్పుడు పోల్చుకొనలేనివాని చదువు ఎంతటిదో పాఠకులే నిర్ణయింతురు గాక.

తండ్రి మాటను గూర్చియు ఒక మాట చెప్పవలసి యున్నది. తన కష్టము కొడుకునకు రాకూడదని కోరుట ప్రేమయే. దానిని నేను ఆక్షేపింపను. మండుటెండలో బండ్ల క్రింద పడుకొని పనిచేయు బ్రదుకు సుఖమైనది కాదు. బాలుడు బాగుగా చదువుకొనవలయును. కాని చేతి నలుపు వేఱు, చేతి నేర్పు వేఱు. నలుపు సబ్బుతో పోవును. నేర్పును పోగొట్టినచో మరల రాదు. షెడ్డులో ఆ సాయంకాలము నేనీమాట చెప్పగా ఆయన జవాబీయలేదు. విప్పిన భాగమును మరల గుడ్డలో చుట్టుచు, "వానికి లెక్కలు వచ్చునా మాస్టరుగారూ?" అని మాత్ర మడిగెను. "ఇక వచ్చును" అంటిని.

మఱునాడు గది తాళము తీయించి బండిని బాలునకిచ్చితిని. రెండు నియమములు పెట్టితిని. మొదటిది: బండిని రోడ్డుమీదికి తేరాదు, ఆటస్థలమునందే, బడి విడిచిన పిదపనే త్రోయవలయును. మోటారు లేని బండియైనను బస్సుల నడుమ ప్రాణాపాయమే. మోటారు కారైనచో పదునెనిమిదేండ్లు నిండనివారు నడుపుటకు చట్టమే యొప్పదు. రెండవది: బండికి బ్రేకు పెట్టవలయును. మేము చెప్పుకొన్న అయిదు భాగములలో అయిదవది దానికి లేదు గదా! బాలుడు మూడు దినములు ప్రయత్నించెను. మొదట కట్టెపుల్ల విఱిగెను. పిదప త్రాడు తెగెను. నాలుగవ దినమున పాత టైరుముక్కను మేకులతో కొట్టిన చిన్న మీట యొకటి బండి ప్రక్కన కనబడెను. త్రొక్కినచో టైరుముక్క నేలకు రాచుకొని బండి నిలిచెను. ఆ మేకులు కొట్టిన తీరు పిల్లవాని చేతిది కాదు. నేను ఎవరని యడుగలేదు.

విద్యార్థులారా! బహదూర్‌పురాకు పోయినప్పుడు వంకాయ కారును చూచి తప్పక నవ్వుడు. అది నవ్వుటకే చేయబడినది. కాని నవ్విన పిదప ఒక్కసారి వంగి దాని యడుగుభాగము చూడుడు. ఏది దేనిని త్రిప్పుచున్నదో, ఎందుచేత త్రిప్పుచున్నదో మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. జవాబు దొరకనిచో మీ ఉపాధ్యాయుని అడుగుడు. ఆయనకు తెలియనిచో, ఎవరికి తెలియునో వారి యొద్దకు ఇద్దఱును కలిసి పొండు. తలిదండ్రులారా! మీ పిల్లవాడు పాత సామాను విప్పుచున్నప్పుడు, మరల బిగింపగలడేమో కొంచెము ఓపికతో చూడుడు. చదువును నేర్పును డిఫరెన్షియలుతో కలిపిన రెండు చక్రముల వంటివి. మలుపులలో ఒకటి ముందును ఒకటి వెనుకను ఉండవచ్చును. బండి మాత్రము రెండింటిమీదనే పోవును.